బోర్డు లేని సైకిల్ షాపు, ముప్ఫై నాలుగు పళ్ళ చక్రం

ఈ షాపుకు బోర్డు లేదు. విశాఖ అక్కయ్యపాలెంలో మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరిగితే ఇస్త్రీ బండి పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు తాడుకు వేలాడే పాత టైర్లు కనిపిస్తాయి. చిరునామా అంతే. ఫోను చేస్తే ఎత్తరు, చేతులకు ఎప్పుడూ గ్రీజే కదా అంటారు. జనవరిలో అక్కడ ఒక పని చేయించుకున్నాను. ఆ పని ఫిబ్రవరిలో నన్ను ఒక అగ్నిపర్వతం మీదికి ఎక్కించి, ప్రాణాలతో కిందికి దించింది కాబట్టి నాలుగు మాటలు రాయడం న్యాయం.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. బ్యాంకు ఉద్యోగం. ఆదివారాలు తెల్లవారకముందే ఆర్కే బీచ్ దగ్గర బయలుదేరి, భీమిలిలో ఇడ్లీ తిని తిరిగివచ్చే గుంపులో చివరన వచ్చేదాన్ని నేనే. స్పెయిన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి, సెలవులకు తెనెరిఫె దీవికి వెళ్దాం రమ్మంది. కెనరీ దీవుల్లో పెద్దది అదే. మ్యాపు తెరిచి చూస్తే, దీవి నడిమధ్యన 3,715 మీటర్ల తెయిదే అగ్నిపర్వతం. స్పెయిన్ దేశం మొత్తంలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. రోడ్డు శిఖరం దాకా వెళ్ళదుగాని, సముద్రపు ఒడ్డున మొదలై 2,000 మీటర్లు దాటి పాత అగ్నిబిలం అంచులోకి చేరుతుంది. యూరప్‌లో సైకిలు తొక్కడమే వృత్తిగా ఉన్నవాళ్ళు పెద్ద పందేలకు ముందు ఆ పైనే హోటల్లో మకాం పెట్టి సాధన చేస్తారట.

సింహాచలం కొండ సుమారు 300 మీటర్లు. అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఏడు సింహాచలాలు, మధ్యలో దిగుడు లేకుండా. నాకు ఒక్క సింహాచలానికే స్వామి గుర్తొస్తాడు.

మొదట ఒక ఏసీ షోరూమ్‌కు వెళ్ళాను. పేరు చెప్పను. అక్కడి కుర్రాడు నా సైకిలు వైపు జాలిగా చూసి, లక్షకు దగ్గరగా ఉండే తేలికపాటి కార్బన్ చక్రాలు చూపించాడు. అవి నా పాత చక్రాల కన్నా అరకిలో తక్కువ బరువట. అరకిలో నేను సంక్రాంతి అరిసెలు మానేస్తే తగ్గుతుంది.

తర్వాత ఈ షెడ్డుకు వెళ్ళాను. ఆయనకు అరవై దాటి ఉంటాయి, అందరూ బాబాయి అంటారు, నేనూ అంతే. కొండ సంగతి చెప్పాను. వాలు ఎంత అని అడుగుతారనుకున్నాను. "ఎంతసేపు ఎక్కాలమ్మా?" అన్నారు. అయిదు గంటలు పట్టవచ్చన్నాను. ఆయన సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనక పళ్ళచక్రాల్లో పెద్దదాన్ని వేలితో లెక్కపెట్టారు. "ఇరవై ఎనిమిది. పావుగంట కొండకైతే నిలబడి తొక్కేస్తారు. అయిదు గంటలు నిలబడలేరు కదమ్మా. ముప్ఫై నాలుగు వేద్దాం."

ఇంటికి వచ్చి లెక్క వేశాను, లెక్కలు నా జబ్బు. ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు. వెనక 28 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు రెండున్నర మీటర్లు పోతుంది. వెనక 34 ఉంటే రెండు మీటర్ల పది సెంటీమీటర్లే. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు మొదటిదాంట్లో కాళ్ళు నిమిషానికి 52 సార్లు తిరుగుతాయి, రెండోదాంట్లో 63 సార్లు. 52 దగ్గర ప్రతి తొక్కుడూ మోకాలి మీద పడుతుంది. 63 దగ్గర ఆ భారం ఊపిరి మీదికి పోతుంది. మోకాళ్ళు అరిగితే తిరిగి రావు, ఊపిరి టీ తాగితే వస్తుంది.

పెద్ద చక్రం వేయడమంటే అదొక్కటే బిగిస్తే చాలదు. చైనును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే డిరైలర్ అనే భాగం ఉంటుంది. నా పాతదాని చేయి పొట్టిది, 34 పళ్ళను అందుకోలేదు. పొడవు చేయి ఉన్నది తెప్పించాలి, చైనూ పొడవుగా కావాలి. కొత్త చైనును డిరైలర్ గుండా దూర్చకుండా, ముందు పెద్ద చక్రం మీదా వెనక పెద్ద చక్రం మీదా చుట్టి, రెండు కొసలూ కలిసే చోట వేలితో పట్టుకుని, అక్కడి నుంచి రెండు లింకులు అదనంగా వదిలి తెంపారు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. పాత చక్రం ఊడదీయడానికి మాత్రం ఆయనకు ముప్పావు గంట పట్టింది. బిగింపు రింగు తుప్పుతో కరుచుకుపోయి ఉంది. "బీచ్ రోడ్డు సైకిళ్ళన్నీ ఇంతేనమ్మా, ఉప్పు తింటాయి" అని నూనె పోసి, పొడవాటి పైపు తగిలించి, మొత్తం బరువు దాని మీద వేశారు. ఠప్పుమంది. నా గుండె కూడా.

బ్రేకు రబ్బర్లు అడక్కుండానే మార్చారు. సామాన్లకు 11,400 రూపాయలు, కూలి 700. విమానానికి అట్టపెట్టెలో సర్దినందుకు, పెట్టెతో సహా మరో 300. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద అంకెలు వేసి ఇచ్చారు. ఇది మొదటి ఫిర్యాదు. రెండోది, బుధవారం ఇస్తానన్నది శుక్రవారం సాయంత్రం ఇచ్చారు, శనివారం నా ప్రయాణం. అందుకే కొత్త గేరును సింహాచలం ఘాట్ మీద ఒకసారి పరీక్షించే అవకాశం కూడా లేకపోయింది.

మూడోది అసలు ఫిర్యాదు. పెట్టెలో పెడల్స్ రెండూ పాత దినపత్రికలో చుట్టి ఉన్నాయి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, తికమక పడితే పెడల్ బిగించే చేయి, అంటే క్రాంక్, పాడవుతుంది కాబట్టి, ఒకదాని మీద తెల్ల రంగుతో 'ఎ' అనీ, రెండోదాని మీద 'కు' అనీ రాశారు. ఆఫ్రికా తీరానికి ఎదురుగా ఉన్న దీవిలో, హోటల్ గది నేల మీద ఆ అక్షరాలు చూసి ఎంత ముచ్చట పడ్డానో! అంత జాగ్రత్తపరుడు సీటు గొట్టాన్ని మాత్రం ఎత్తు గుర్తు పెట్టకుండా పీకేశారు. ఒక చుట్టు టేపు అంటిస్తే సరిపోయేది. నేను అంచనాతో బిగించుకుని, మొదటి రోజంతా మోకాలి వెనక నొప్పితో తిరిగాను. మీరు వెళ్తే ఆ టేపు ముందే మీరే అంటించుకోండి.

ఇక కొండ. లోస్ క్రిస్తియానోస్ అనే రేవు ఊళ్ళో ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టాను. అక్కడి డ్రైవర్లు సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం పాటించాలని చట్టం, నిజంగానే పాటిస్తారు. హనుమంతవాక దగ్గర బస్సు మోచేతిని రాసుకుంటూ పోవడం అలవాటైన దాన్ని, వెనక కారు నెమ్మదించి ఆగితే ఏం తప్పు చేశానా అని రెండుసార్లు దిగిపోయాను.

మన ఘాట్లలో మలుపు తర్వాత కాస్త సమతలం వస్తుంది, ఊపిరి పీల్చుకుంటాం. ఈ దీవి మొత్తం సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతమే కాబట్టి, రోడ్డు దాని వీపు మీద పాకుతూనే ఉంటుంది. వాలు భయపెట్టేంత లేదు, తగ్గనూ తగ్గదు. అరోనా దాటాక ముప్ఫై నాలుగులో పడ్డ చైను, మళ్ళీ చాలాసేపు అక్కడే ఉంది. బాబాయి అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది. ఆయన అరకు దాటి వెళ్ళిన మనిషి కాదు.

1,400 మీటర్ల ఎత్తులో విలాఫ్లోర్ ఊరు. అక్కడికి చేరేసరికి వెనక టిక్కు టిక్కుమని శబ్దం, చైను పెద్ద చక్రం మీదికి వెళ్ళడానికి మొరాయిస్తోంది. "కొత్త కేబులు సాగుతుందమ్మా, అప్పుడు ఈ మర ఇటువైపు పావు చుట్టు" అని షెడ్డులో చూపించిన తీరు గుర్తుకొచ్చింది. డిరైలర్ దగ్గరి మరను గడియారం ముల్లుకు ఎదురుగా పావు చుట్టు తిప్పాను, తర్వాత ఇంకో పావు. శబ్దం ఆగింది. బస్సులో ముందే వచ్చి కూర్చున్న మా అమ్మాయి, "అమ్మా, నువ్వు సైకిలు బాగుచేశావా!" అని ఫొటో తీసింది. ఉప్పునీళ్ళలో తోలు ముడతలు పడేలా ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, మోహో అనే ఎర్ర పచ్చడితో తిన్నాం. మన కొరివికారం ముందు ఆ పచ్చడి పసిపిల్ల.

ఊరు దాటితే పైన్ అడవి, ఆ తర్వాత చెట్లే లేవు. 2,000 మీటర్లు దాటి బిలంలోకి అడుగుపెట్టేసరికి ఆగడాలతో కలిపి అయిదు గంటల ఇరవై నిమిషాలైంది. అక్కడ రంగులు మాత్రం మన ఎర్రమట్టి దిబ్బలను ఎవరో కాల్చి, బూడిద చల్లి ఆరబెట్టినట్టుంటాయి. దాన్ని ఆస్వాదించే తీరిక లేదు, చలి. కింద చెమట, పైన పళ్ళు టకటక.

దిగడానికి చియో వైపు రోడ్డు పట్టుకున్నాను. పాతకాలపు పందెగాళ్ళు కొండ దిగే ముందు చొక్కాలోకి పేపరు దోపుకునేవారని విన్నాను కాబట్టి, పెడల్స్ చుట్టిన ఆ దినపత్రికను పొద్దున్నే వెనక జేబులో పెట్టుకున్నాను. మంకీ క్యాపు, దాని మీద హెల్మెట్, గుండెల మీద పెళ్ళి సంబంధాల పేజీ. 1798లో పొంగిన లావా రోడ్డు పక్కనే నల్లగా గడ్డకట్టి ఉంది. ఇంకాస్త కిందికి వస్తే, 1909లో ఈ దీవిలో చివరిసారి బద్దలైన చిన్యేరో ప్రాంతం. "బ్రేకు పట్టి వదలండి, పట్టుకునే ఉండకండి, రిమ్ము కాలిపోతుంది" అన్న మాటను ప్రతి మలుపు ముందూ పైకే అనుకున్నాను. కొత్త రబ్బర్లు ఒక్కసారి కూడా జారలేదు. కింద ఆగాక రిమ్ము మీద వేలు పెట్టి చూశాను, చురుక్కుమంది.

తిరిగి వచ్చాక సర్వీసుకు ఇచ్చాను. బాబాయి వెనక చక్రాలను గుడ్డతో తుడిచి చూశారు. పెద్దవి మూడూ మెరుస్తున్నాయి, చిన్నవి కొత్తగానే ఉన్నాయి.

"ఈ మూడే వాడారు" అన్నారు. "బీచ్ రోడ్డుకు ఇది ఎక్కువమ్మా. పాతది దాచి ఉంచాను, వేసేయమంటారా?"

వద్దన్నాను, వచ్చే నెల అనంతగిరి ఘాట్ ఎక్కుదామనుకుంటున్నానని చెప్పాను. "ఎంతసేపు?" అన్నారు.

షాపు ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా. మధ్యాహ్నం రెండు గంటలు భోజనం, కునుకు. నగదే తీసుకుంటారు. బిల్లు కావాలంటే కాగితం మీరే తీసుకెళ్ళండి.