కుందేళ్ళకు దశరథ గడ్డి: విత్తనం కొనొచ్చా?

పెల్లెట్ల (గుళికల రూపంలో అమ్మే దాణా) బస్తా ధర పెరిగిన ప్రతిసారీ కుందేళ్ళు పెంచేవాళ్ళందరికీ ఒకటే ఆలోచన. ఇంటి దగ్గర పండే ఆకుతో ప్రోటీన్ సరిపెట్టొచ్చా అని. పలమనేరు పక్కన మా షెడ్డులో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా జాతులు ఉన్నాయి. వాటి కోసమే టౌన్లో ఒక విత్తనాల షాపులో దశరథ గడ్డి ప్యాకెట్ తీసుకున్నాను. దీన్నే హెడ్జ్ లూసర్న్ అంటారు. మడి నిలదొక్కుకుని, కోతల మీద కోతలు వచ్చాక రాస్తున్న అభిప్రాయం ఇది. నాకు బాగా నచ్చింది. కొనమనే చెప్తాను. అయితే ఏ కుందేలుకు ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకుని కొనండి.

ముందు విత్తనం సంగతి. గింజ శుభ్రంగా ఉంది, తాలు లేదు. కానీ ప్యాకెట్ మీద అసలు రాయాల్సిన మాట రాయలేదు, షాపులో కూడా ఎవరూ చెప్పలేదు. ఈ గింజ పైతొక్క చాలా గట్టిది. అలాగే చల్లితే సగం మొలవదు. నీళ్ళు మరిగించి, దించి, నాలుగైదు నిమిషాలు ఆగాలి. వేడి 80 డిగ్రీలకు వస్తుంది. అందులో గింజలు ఒక ఐదు నిమిషాలు ఉంచి, వంపేసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తుకోవాలి. మా ఊళ్ళో పాడి రైతు ఒకాయన చెప్తే తెలిసింది. ఈ నాలుగు వాక్యాలు ప్యాకెట్ వెనక అచ్చువేయడానికి ఖర్చేమీ కాదు. కొత్తవాళ్ళు విత్తనం మంచిది కాదనుకుని వదిలేస్తారు, అదే నా బాధ.

సాళ్ళ మధ్య అడుగున్నర వదిలి విత్తితే చాలు. మొదటి కోతకు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఆ తర్వాత నలభై రోజులకోసారి కోసుకోవచ్చు. ఆలస్యం చేస్తే కాడ కట్టెలా ముదురుతుంది, కుందేళ్ళు ఆకు గిల్లుకుని కాడ వదిలేస్తాయి. లేత కొమ్మ వేస్తే మాత్రం బోనులో ఏమీ మిగలదు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండే మొక్క. సుబాబుల్ లాగే కనిపిస్తుంది కానీ దానిలో ఉండే మైమోసిన్ అనే విషం దీనిలో లేదు. సుబాబుల్ ఎక్కువైతే కుందేళ్ళకు బొచ్చు ఊడిపోతుంది. అందుకే నేను దశరథ గడ్డి వైపు వచ్చాను.

ఇక అసలు లెక్క. పచ్చి మేతలో నాలుగింట మూడు వంతులు నీళ్ళే. 400 గ్రాముల దశరథ గడ్డి వేస్తే ఎండు పదార్థం 100 గ్రాములు, అందులో ప్రోటీన్ ఐదో వంతు, అంటే సుమారు 20 గ్రాములు. చూడి లేకుండా, పాలివ్వకుండా ఉన్న పెద్ద కుందేలుకు మేతలో 12 శాతం ప్రోటీన్ ఉంటే సరిపోతుంది. కాబట్టి వాటికి ఈ గడ్డి, కాస్త ఎండుగడ్డి, గుప్పెడు గింజల దాణా ఉంటే పెల్లెట్లు బాగా తగ్గించొచ్చు. మా మగ కుందేళ్ళకు అలాగే నడుస్తోంది. బరువు తగ్గలేదు, పెంటికలు గట్టిగా, గుండ్రంగా ఉన్నాయి.

పాలిచ్చే తల్లి దగ్గర మాత్రం ఈ లెక్క కుదరదు. ఆవు పాలలో ప్రోటీన్ మూడు శాతం పైచిలుకు ఉంటే కుందేలు పాలలో 12 శాతం దాకా ఉంటుంది. ఈనిన మూడో వారంలో మంచి తల్లి రోజుకు 200 గ్రాముల పాలు ఇస్తుంది. అంటే పాలలోనే 24 గ్రాముల ప్రోటీన్ బయటికి పోతోంది, ఇంకా తన ఒళ్ళు నిలబెట్టుకోవాలి. అదంతా పచ్చి ఆకుతోనే రావాలంటే ఆ చిన్న పొట్టలో అంత నీళ్ళ మేత పట్టదు. తల్లి చిక్కిపోతుంది, పిల్లల పొట్టలు ఖాళీగా కనిపిస్తాయి. తల్లికి 17, 18 శాతం ప్రోటీన్ ఉన్న పెల్లెట్లు తగ్గించకండి, గడ్డి వాటికి తోడుగా వేయండి. పాలు మరిపించిన పిల్లలకూ అంతే. వాటికి 16 శాతం కావాలి, పైగా పచ్చిది ఒక్కసారిగా పెడితే విరేచనాలతో పోతాయి.

కుందేలు తెల్లవారుజామున తన మెత్తటి పెంటికలను తానే తింటుంది కదా, దాన్ని చూసి కొందరు కంగారు పడతారు. పేగులోని సూక్ష్మజీవులు తయారుచేసిన ప్రోటీన్, బి విటమిన్లు అలా మళ్ళీ ఒంటికి చేరతాయి. ఎంత ప్రోటీన్ పెట్టినా పీచు లేకపోతే ఆ పేగు దెబ్బతింటుంది. అందుకే ఎండుగడ్డి మానకూడదు.

ఈ గడ్డికి నిజంగా పోటీ వచ్చేది మా ప్రాంతంలో మల్బరీ ఆకు. చుట్టూ పట్టుపురుగులు పెంచేవాళ్ళున్నారు. కొమ్మలతో సహా తెస్తే ఆకు తిని, బెరడు కూడా కొరుక్కుంటాయి. కుందేళ్ళకు ఇష్టంలో మల్బరీదే పైచేయి. తోటలో కోసిన ఆకే తేవాలి. పురుగుల పడక మీద మిగిలిన ఆకుకు సున్నం, మందు పొడి అంటి ఉంటాయి, అది వద్దే వద్దు. మాకు ఆకిచ్చే రైతు మంచివాడు, "అక్కా, పక్కోళ్ళు టమాటాకు మందు కొట్టినారు, ఈ వారం ఆకు తీసుకోవద్దు" అని తానే ఫోన్ చేస్తాడు. అలాంటి మనిషి దొరకకపోతే సొంత మడే నయం.

మునగాకు, అవిసాకు కూడా ప్రోటీన్లో గొప్పవే, పెరట్లో ఒక్కో చెట్టున్నా ఎంతో ఆసరా. నీళ్ళ మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లా గురించి చాలా ప్రచారం ఉంది కానీ అందులో 90 శాతానికి పైగా నీరే. గంపెడు ఎండబెడితే గుప్పెడు వస్తుంది. వేరుశనగ చెక్క చౌకగా దొరికితే వాసన చూసి, విరిచి చూసి తీసుకోండి. బూజు పట్టిన చెక్కలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కుందేలు కాలేయానికి యమపాశం. సోయా గింజలు పచ్చివి వేయకూడదు, వేయించాలి. గట్ల మీద గడ్డిచేమంతి ఉంటే వదలకండి, ఆబగా తింటాయి. వయ్యారిభామ, ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు, లంటానా ఏరి పారేయాలి. టమాటా మొక్కల ఆకులు కూడా పెట్టకూడదు. ఏ ఆకైనా మంచు తడితో కోసింది కోసినట్టు వేయకుండా నీడలో కాసేపు వాడబెట్టి వేయాలి.

అదే షాపులో మామూలు లూసర్న్ విత్తనం కూడా దొరుకుతుంది. మా చలికాలానికి అక్టోబరులో వేస్తే బ్రహ్మాండంగా వస్తుంది, ఎండాకాలంలో నీళ్ళు తక్కువైతే పలచబడుతుంది. బోరు మీద నమ్మకం ఉన్నవాళ్ళకు అది, లేనివాళ్ళకు దశరథ గడ్డి.

నగరంలో బాల్కనీలో ఒకటో రెండో ముద్దుగా పెంచుకునేవాళ్ళకు ఈ ప్యాకెట్ అవసరం లేదు. పెద్దయిన పెంపుడు కుందేలుకు ఇంత ప్రోటీన్ అక్కర్లేదు. లూసర్న్ జాతి మేతల్లో కాల్షియం ఎక్కువ, రోజూ పెడితే మూత్రం చిక్కబడి సున్నంలా దిగుతుంది. ఎండుగడ్డి ఎప్పుడూ ముందుంచి, గరిక, కొత్తిమీర, ముల్లంగి ఆకు కొద్దికొద్దిగా పెట్టండి. పాలకూర అప్పుడప్పుడు చాలు, క్యాబేజీతో గ్యాస్ వస్తుంది కాబట్టి దాన్ని దూరం పెట్టండి.