చార్టులో సెలవుల ఖాళీ ఉంచాలా, తీసెయ్యాలా: ఏది మేలు?

రోజువారీ షేరు ధరలతో మొదటిసారి క్యాండిల్ చార్టు (రోజుకో కడ్డీతో ఆరోజు ప్రారంభ, ముగింపు, గరిష్ఠ, కనిష్ఠ ధరలు చూపేది) గీసినవాళ్లందరికీ ఇది ఎదురయ్యే ఉంటుంది. ఐదు క్యాండిళ్లు, మార్కెట్ లేని శని, ఆదివారాల ఖాళీ, మళ్లీ ఐదు క్యాండిళ్లు. చూడ్డానికి పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది. లైన్ చార్టులో ఆ ఖాళీ కంటికి కనబడదు కానీ అక్కడే ఉంటుంది. శుక్రవారం ముగింపు నుంచి సోమవారం ముగింపు దాకా గీత మూడు రోజుల వెడల్పున సాగుతుంది. ధర ఒకే మొత్తం పెరిగినా, మంగళవారం పెరిగితే గీత నిటారుగా లేస్తుంది, సోమవారం పెరిగితే ఏటవాలుగా సాగుతుంది. చూసేవాళ్లు రెండూ వేర్వేరు వేగాలనుకుంటారు.

నిమిషాల డేటా అయితే ఇబ్బంది ఇంకా ఎక్కువ. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4 దాకా నడుస్తుంది, అంటే రోజుకు ఆరున్నర గంటలు, వారానికి 32.5 గంటలు. వారంలో ఉన్నవి 168. నిజమైన కాలాన్ని అలాగే అడ్డంగా పరిస్తే బొమ్మలో దాదాపు 80 శాతం ఖాళీగా పోతుంది, అసలు సమాచారం మిగతా చోట ఇరుక్కుంటుంది.

జనం వాడే దారులు నాలుగు. వాటిలో ఒకదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం: సెలవు రోజుల్లో శుక్రవారం ధరనే నింపేయడం. పైథాన్‌లో డేటా పట్టికలకు వాడే పాండాస్‌లో ఒక్క లైను రాస్తే అయిపోతుంది కాబట్టి చాలామంది ఇదే చేస్తారు. కానీ బొమ్మలో ఖాళీ పోదు, దాని బదులు ప్రతి వారం ఒక చదునైన మెట్టు వస్తుంది. పైగా లెక్కలు పాడవుతాయి. నింపిన డేటా మీద 20 వరుసల మూవింగ్ యావరేజ్ (చివరి 20 వరుసల సగటు) తీస్తే అందులో నిజమైన ట్రేడింగ్ రోజులు 14 చిల్లర మాత్రమే. ట్రేడింగ్ జరగని రోజులకు సున్నా మార్పు చేరడంతో ఒడిదుడుకులు ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తాయి. చార్టు కోసం లేని ధరను పుట్టించడం నాకు అస్సలు నచ్చదు.

రెండో దారి, తేదీని పక్కన పెట్టి వరుస నంబరును అడ్డగీత (చార్టు అడుగున ఉండే ఎక్స్ అక్షం) మీద పెట్టడం. మొదటి ట్రేడింగ్ రోజు 0, తర్వాతది 1, ఆ తర్వాతది 2. తేదీలు కేవలం లేబుళ్లుగా ఉంటాయి. పైథాన్‌లో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో, లేబుళ్లు రాసే ఫంక్‌ఫార్మాటర్‌కు చిన్న ఫంక్షన్ ఇస్తే నంబరు చూసి తేదీ రాసిపెడుతుంది. దాని మీదే కట్టిన షేరు చార్టుల లైబ్రరీ ఎంపీఎల్‌ఫైనాన్స్, మనం ఏమీ చెప్పకపోయినా ఇలాగే గీస్తుంది. ఖాళీలు కావాలంటేనే షో నాన్‌ట్రేడింగ్ అనే సెట్టింగు ఆన్ చెయ్యాలి. ఎక్సెల్‌లో ఫార్మాట్ యాక్సిస్‌లోకి వెళ్లి డేట్ యాక్సిస్ బదులు టెక్స్ట్ యాక్సిస్ ఎంచుకోవడమంటే ఇదే. అయితే స్కాటర్ చార్టుకు ఆ సౌకర్యం లేదు, లైన్ చార్టుకు మారాలి.

ఈ దారిలో గొప్ప సుఖం ఏమిటంటే సెలవుల జాబితా ఎవరూ ఇవ్వక్కర్లేదు. డేటాలో లేని రోజు బొమ్మలో ఉండదు, అంతే. శనివారాలా, పండగలా, సగం రోజు సెషన్లా అన్న బెంగ లేదు.

కష్టం ఎక్కడంటే, ఆ బొమ్మ మీద ఇంకేదైనా గీయాలనుకున్నప్పుడు. నేను ఒకసారి ఇలాంటి చార్టు మీద 2024 మార్చి 15న నిలువు గీత పెట్టాలనుకుని తేదీని నేరుగా ఇచ్చాను. ఏడాది మొత్తం ధరలు ఎడమ అంచున ఒక నూలుపోగంత గీతగా నలిగిపోయాయి, కుడి చివర నా నిలువు గీత ఒంటరిగా నిలబడింది. కోడ్ తప్పేమోనని గంటసేపు వెతికాను. కారణం చిన్నదే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ తేదీని 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజులుగా చూస్తుంది. మార్చి 15 అంటే దానికి 19,797. నా ధరలేమో 0 నుంచి 250 లోపు ఉన్నాయి. మధ్యలో దాదాపు ఇరవై వేల ఖాళీ స్థానాలు! అప్పటినుంచి ఏ తేదీనైనా ముందు సెర్చ్‌సార్టెడ్‌తో (క్రమంలో ఉన్న జాబితాలో ఒక విలువ స్థానం చెప్పే ఫంక్షన్) వరుస నంబరుగా మార్చుకున్నాకే గీస్తున్నాను. ఆ తేదీ సెలవైతే తర్వాతి ట్రేడింగ్ రోజు నంబరు వస్తుంది, చాలా సందర్భాల్లో మనకు కావాల్సిందీ అదే.

మూడోది, జూమ్ చేసి చూడగల చార్టులు గీసే ప్లాట్‌లీ లైబ్రరీలోని రేంజ్‌బ్రేక్స్ అనే సెట్టింగు. ఇక్కడ అడ్డగీత నిజమైన తేదీలదే, కాకపోతే మనం చెప్పిన ముక్కల్ని కత్తిరించి అతికిస్తుంది. శనివారం నుంచి సోమవారం మొదలయ్యేదాకా తీసెయ్యి, ఫలానా తేదీలు తీసెయ్యి, సాయంత్రం 4 నుంచి ఉదయం 9:30 దాకా తీసెయ్యి అని రాసివ్వొచ్చు. నిలువు గీతకు తేదీ నేరుగా ఇవ్వొచ్చు, జూమ్ చేస్తే లేబుళ్లు వాటంతటవే మారతాయి. ఎక్కువమంది చూసే డాష్‌బోర్డుకు ఇంతకంటే హాయి లేదు.

కానీ జాగ్రత్త. కత్తిరించిన చోట డేటా ఉంటే అదీ పోతుంది, ఒక్క హెచ్చరిక కూడా రాదు. న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ 1952 దాకా శనివారాలు కూడా పనిచేసింది. 1929 అక్టోబరు పతనాన్ని శని, ఆది తీసేసే నియమంతో గీస్తే, అక్టోబరు 26 శనివారం సెషన్ మాయమైపోతుంది. యూఏఈలో వారాంతం 2021 చివరిదాకా శుక్ర, శనివారాలు. 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు. పాత డేటాకు కొత్త నియమం పెడితే 2021 ఆదివారాలన్నీ ఎగిరిపోతాయి. అందుకే వారం పేర్లు రాయకుండా, మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా అన్ని రోజులూ తీసుకుని, అందులోంచి డేటాలో ఉన్న రోజులు తీసెయ్యగా మిగిలినవాటినే జాబితాగా ఇవ్వడం నయం. ఉన్న డేటా ఎప్పటికీ కత్తెరకు చిక్కదు. పదేళ్ల డేటా అయితే ఆ జాబితా వెయ్యి దాటుతుంది, జూమ్ చేస్తే బొమ్మ నెమ్మదిస్తుంది. అంతేకాదు, రేంజ్‌బ్రేక్స్ స్కాటర్‌జీఎల్‌తో (ఎక్కువ పాయింట్లను వేగంగా గీసే ప్లాట్‌లీ చార్టు రకం) పనిచెయ్యవు. తక్కువ కోడ్‌తో గీయడానికి ప్లాట్‌లీలో ఉన్న ప్లాట్‌లీ ఎక్స్‌ప్రెస్, పాయింట్లు ఎక్కువైతే దానంతటదే ఆ రకానికి మారిపోతుంది కాబట్టి రెండర్ మోడ్‌ను ఎస్‌వీజీ అని రాసి ఆపాలి.

ఇక నాలుగోది, ఏమీ తియ్యకుండా నిజమైన కాలాన్ని ఉంచెయ్యడం. ఇది తెలియక చేసే పని అనుకుంటారు గానీ, దీనికీ చోటుంది. 2001 సెప్టెంబరు 10న అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ 9,605 దగ్గర ముగిసింది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత మార్కెట్ మళ్లీ తెరిచింది 17న, ఆరోజు 8,920 దగ్గర ముగిసింది, 7 శాతం పైగా పడింది. వరుస నంబర్ల చార్టులో ఈ రెండు క్యాండిళ్లు పక్కపక్కనే అంటుకుని ఉంటాయి, రాత్రికి రాత్రే పడిపోయినట్టు. 1914 జులై 31న మూసిన న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో షేర్ల వ్యాపారం డిసెంబరు 12న గానీ మొదలవలేదు. ఆ నాలుగు నెలల పైచిలుకు మౌనం కూడా ఒక అతుకు కింద దాగిపోతుంది. బిట్‌కాయిన్‌నూ షేరునూ ఒకే బొమ్మలో పెట్టాల్సి వచ్చినా నాది నిజమైన తేదీల పక్షమే. ఒకటి వారమంతా నడుస్తుంది, ఇంకొకటి ఐదు రోజులే. రెండింటి 200వ వరుసలు ఒకే రోజువి కావు. కరెంటు వాడకం, ఆస్పత్రికి వచ్చే రోగుల సంఖ్య లాంటివి సెలవు రోజుల్లోనూ ఉంటాయి. అక్కడ ఆదివారం పడే గుంటే అసలు సమాచారం, దాన్ని తీసెయ్యకూడదు.

కాబట్టి ముందు అడగాల్సింది, ఆ రోజు విలువ తగ్గిందా, లేక విలువే లేదా అని. తగ్గితే తేదీల అడ్డగీత ఉంచండి. అసలు లేకపోతే, ఒకే మార్కెట్ ధరలైతే, నా ఓటు వరుస నంబర్లకే. రేంజ్‌బ్రేక్స్‌ను ఏడాది రెండేళ్లకు మించని, జనం జూమ్ చేసి చూసే బొమ్మలకు దాచుకుంటాను. వరుస నంబర్లతో గీసినప్పుడల్లా, పక్కపక్క వరుసల మధ్య నాలుగు రోజులకు మించి తేడా ఉన్న చోటల్లా సన్నని బూడిదరంగు నిలువు గీత పెట్టి, పక్కన మార్కెట్ ఎన్ని రోజులు మూతపడిందో చిన్న అక్షరాల్లో రాస్తాను. తేదీల తేడా తీసి గీత పెట్టడానికి మూడు లైన్ల కోడ్ చాలు. 2001 సెప్టెంబరు దగ్గర ఆ గీత ఉంటే, చూసేవాళ్లు అక్కడ ఆగి చదువుతారు.