60 వాట్ల చవక సీఓబీ లైటు: వెలుగు పుష్కలం, పేచీ అంతా డిమ్మర్‌తోనే

ఎన్ని వాట్లు, ఎన్ని కెల్విన్లు (వెలుగు రంగు కొలత), సాఫ్ట్‌బాక్స్ లాంటివి తగిలించే బోవెన్స్ మౌంట్ ఉందా లేదా అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటిని వదిలేస్తున్నాను. సీఓబీ అంటే చిన్న చిన్న ఎల్ఈడీలన్నీ ఒకే పలక మీద దగ్గరగా పేర్చిన లైటు. పేరున్న కంపెనీల లైటు ధరలో దాదాపు సగానికి దొరికే 60 వాట్ల బైకలర్ రకం, అంటే పసుపు తెలుపు నుంచి పగటి తెలుపు దాకా రంగు మార్చుకునే రకం ఇది. ఇంట్లో వంటల వీడియోలు, ఇంటర్వ్యూలు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు మొదట చూసేది ఈ తరహా లైట్లనే. చాలాకాలం వాడాక దీని గురించి గట్టిగా చెప్పాల్సింది ఒక్కటుంది. డిమ్మర్‌ను 20 శాతం కిందకు దించితే వీడియోలో చారలు పడతాయి. కొనేటప్పుడు అందరూ 100 శాతం దగ్గర పెట్టి గోడమీద వెలుగు చూసి మురిసిపోతారు. రేపు పని పడేది మాత్రం ఆ కింది 20 శాతంతోనే.

కాస్త లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 800 అనుకుందాం. ముఖం సరిగ్గా ఎక్స్‌పోజ్ కావడానికి అక్కడ 120 లక్స్ (మీద పడే వెలుగు కొలత) చాలు. వెలుగును మెత్తబరిచే రెండడుగుల గుడ్డ డబ్బా, అంటే సాఫ్ట్‌బాక్స్, తగిలించి ఒక మీటరు దూరంలో పెట్టినా ఈ లైటు వెయ్యి లక్స్ దాటి ఇస్తుంది. అంటే కావలసినదానికి ఎనిమిది రెట్లు, మూడు స్టాపులు ఎక్కువ (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). పదడుగుల గదిలో లైటును వెనక్కి జరపడానికి చోటుండదు. చెయ్యి నేరుగా డిమ్మర్ మీదకే పోతుంది, అది 12 శాతం దగ్గర ఆగుతుంది. రెట్టింపు వెలుగు లోపలికి రానిచ్చే ఎఫ్ 2 లెన్సు పెడితే 6 శాతం. సరిగ్గా ఈ లైటు చేతులెత్తేసే చోటది.

చారలు రావడానికి కారణం పీడబ్ల్యూఎం. ఎల్ఈడీకి వెళ్లే కరెంటును తగ్గించకుండా దాన్ని వేగంగా ఆర్పి వెలిగించి మసక చూపించే పద్ధతి ఇది. 10 శాతం అంటే పదింట ఒక వంతు సమయమే వెలుగుతుంది. మంచి లైట్లలో ఇది సెకనుకు వేలసార్లు, పదివేలసార్లు జరుగుతుంది, లేదంటే కరెంటునే తగ్గిస్తారు. చవక డ్రైవర్లలో కొన్ని వందల సార్లే. కెమెరా సెన్సర్ ఫ్రేమునంతా ఒక్కసారి చదవదు, పైవరస నుంచి కిందకు ఒక్కో వరుసా చదువుకుంటూ వస్తుంది. ఒక వరుసకు పది మెరుపులు అందితే ఇంకాస్త కింది వరుసకు పదకొండు అందుతాయి. ఆ ఒక్క మెరుపు తేడాయే చార. షట్టర్ 1/50 ఉంటే తేడా పదింట ఒకటి కాబట్టి లేతగా కనిపిస్తుంది. 1/200 చేస్తే ఒక్కో వరుసకు అందేవే రెండుమూడు మెరుపులు, అప్పుడు గోడమీద చాపలా పరుచుకుంటుంది.

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 లేదా 1/100 షట్టర్ పెడితే ఫ్లికర్ ఉండదని అందరూ చెబుతారు. ట్యూబ్‌లైట్లకు, డ్రైవర్ సరిగా లేని ఎల్ఈడీ బల్బులకు ఆ మాట సరైనదే. అవి సెకనుకు వందసార్లు ఎగిరిపడతాయి, 1/50లో సరిగ్గా రెండు చుట్లు ఇముడుతాయి. ఈ లైటు మినుకు దాని డ్రైవర్ లోపలిది, గోడలో కరెంటుతో దానికి సంబంధం లేదు. అందుకే 1/50 దగ్గర కూడా పూర్తిగా పోదు. షట్టర్‌ను దశాంశాల్లో మార్చుకునే వీలున్న కెమెరా అయితే, అంటే పానసోనిక్‌లో సింక్రో స్కాన్, సోనీ కొత్త మోడళ్లలో వేరియబుల్ షట్టర్ లాంటిది ఉంటే, 1/50కి అటూ ఇటూ సన్నగా జరుపుతూ పోతే చారలు మాయమయ్యే చోటు ఒకటి దొరుకుతుంది. ఆ సౌకర్యం ఉన్నవాళ్లకు ఈ సమీక్షలో సగం అక్కర్లేదు.

ఈ లోపం షూటింగ్ సమయంలో కంటపడదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. కెమెరా వెనక చిన్న తెరమీద ముఖం బాగానే ఉంటుంది. ముఖంలో వంపులు, నీడలు ఉంటాయి కనుక చార వాటిలో కలిసిపోతుంది. వెనక ఉన్న ఖాళీ గోడ మీద, తెల్ల చొక్కా మీద, స్టీలు గిన్నె మెరుపులో అది మెల్లగా పైకో కిందకో పాకుతూ ఉంటుంది. యూట్యూబ్‌కు ఎక్కించాక కంప్రెషన్‌లో ఆ పాకుడు ముద్దలుముద్దలుగా తయారవుతుంది. ఎడిటింగ్‌లో తీసేద్దామంటే డావిన్చీ రిజాల్వ్‌లో డీఫ్లికర్ డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. అదీ ఫ్రేమంతా ఒక్కసారి మినుకుమంటే బాగా సరిచేస్తుంది, పాకే చారల్ని సగమే తగ్గిస్తుంది.

కాబట్టి దుకాణంలోనే పరీక్షించండి. ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి షట్టర్ 1/1000కు తేవాలి. లైటును ఖాళీ తెల్లగోడ మీదకు తిప్పి, గోడ మాత్రమే ఫ్రేములో నిండేలా చూడాలి. 100, 50, 20, 10, 5 దగ్గర ఒక్కోసారి ఆగాలి. 1/1000 చాలా కఠిన పరీక్ష. అక్కడ లేత చారలున్నా 1/50కి వచ్చేసరికి పోతే ఫర్వాలేదు, 1/50 దగ్గరా మిగిలితేనే వదిలేయాలి. ఫోన్ వీలుకాకపోతే ఆ వెలుగులో పెన్నును గబగబా ఊపండి. పెన్ను ఒకే మసక విసనకర్రలా కనిపిస్తే మంచిదే. విడివిడిగా నాలుగైదు పెన్నులు కనిపిస్తే మినుకు బాగా నెమ్మదిగా ఉన్నట్టు. బైకలర్ లైటు గనుక 3200 కెల్విన్ల దగ్గర ఒకసారి, 5600 దగ్గర ఒకసారి, మధ్యలో 4300 దగ్గర ఒకసారి చూడాలి. మధ్యలో రెండు రకాల ఎల్ఈడీలూ పంచుకుని వెలుగుతాయి, ఒక్కోదానికి అందే వంతు ఇంకా తగ్గుతుంది. మా లైటు 5600 దగ్గర 20 వరకు బాగుంటుంది, 4300 దగ్గర 30కే మొదలుపెడుతుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లు డిమ్మర్‌ను 30 శాతం కిందకు దించొద్దు. మిగతా వెలుగును లైటు బయటే చంపుకోవాలి. సులువైనది ఐఎస్‌ఓ తగ్గించడం. లాగ్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా తీసే ప్రొఫైల్) కాకుండా మామూలు పిక్చర్ ప్రొఫైల్‌లో తీస్తుంటే ఐఎస్‌ఓ 200కు దిగవచ్చు, రెండు స్టాపులు అక్కడే పోతాయి. వంట వీడియోకు, మాట్లాడే వీడియోకు ఇదే చాలు. ఫ్రేములో దీపమో టీవీయో రాత్రి బల్బో వెలుగుతూ ఉండాలంటే మాత్రం ఐఎస్‌ఓ దించితే అవీ చచ్చిపోతాయి. అప్పుడు వెలుగును లైటు దగ్గరే కోయక తప్పదు.

కోయడానికి అన్నిటికన్నా బాగా పనికొచ్చింది కిటికీలకు కొట్టే దోమల జాలీ. ఇంత మంచి ఫలితం ఊహించలేదు. సినిమా లైట్ల ముందు పెట్టే స్క్రిమ్ అసలు ఇదే పని చేస్తుంది, తీగల వల. రంగు మారదు, కాలదు. హార్డ్‌వేర్ కొట్లో అడుగుల లెక్కన అమ్ముతారు. స్టీలు లేదా అల్యూమినియం జాలీయే అడగండి, నైలాన్‌ది, ఫైబర్‌ది వేడికి ముడుచుకుని కరుగుతుంది. రిఫ్లెక్టర్ (లైటు ముందుండే లోహపు గిన్నె) మూతి కొలత తీసుకుని గుండ్రంగా కత్తిరించి, అంచు చేతికి గుచ్చుకోకుండా అల్యూమినియం టేపు అంటించాలి. మామూలు ప్లాస్టిక్ టేపు జిగురు కారుతుంది. రిఫ్లెక్టర్ మూతికే పెట్టాలి. లైటుకు దూరంగా, మనిషికి దగ్గరగా పట్టుకుంటే గళ్ల నీడ ముఖంమీద పడుతుంది. ఒక పొర అర స్టాపుకూ ఒక స్టాపుకూ మధ్య కోస్తుంది, జాలీ ఎంత సన్నగా అల్లారన్నదాన్ని బట్టి. కచ్చితంగా తెలియాలంటే తెల్ల థర్మాకోల్ మీద జీబ్రా గీతలు (వెలుగు ఒక హద్దుకు చేరిన చోట కెమెరా తెరమీద చూపించే చారలు) వచ్చేలా ఎక్స్‌పోజర్ పెట్టి, జాలీ వేసి, ఆ గీతలు మళ్లీ వచ్చేదాకా ఎపర్చర్ తెరవండి. ఎన్ని క్లిక్కులు తెరిచారో అదే కోత, మూడు క్లిక్కులు ఒక స్టాపు. రెండు పొరలు వేస్తే రెండోదాన్ని 45 డిగ్రీలు తిప్పి పెట్టాలి, లేకపోతే రెండు గళ్లూ కలిసి అలల నీడ వేస్తాయి. లైటు వెనక గాలి వచ్చే కంతలు మూయకూడదు.

మెత్తని వెలుగు కావాలంటే సాఫ్ట్‌బాక్స్ ముందు అడుగు దూరంలో ఇంకో పొర ట్రేసింగ్ పేపర్ వేలాడదీయండి. దాదాపు ఒక స్టాపు పోతుంది. ఆ కాగితం సాఫ్ట్‌బాక్స్‌కన్నా పెద్దదైతే వెలుగు ఇంకా మెత్తబడుతుంది. నీడ అంచు ఎంత మెత్తగా ఉంటుందన్నది లైటు వాట్లను బట్టి ఉండదు, మనిషికి ఆ వెలిగే తలం ఎంత పెద్దగా కనిపిస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. లైటును ఒక మీటరు నుంచి రెండు మీటర్లకు జరిపితే రెండు స్టాపులు తగ్గే మాట నిజమే. అయితే సాఫ్ట్‌బాక్స్ సగం సైజుకు చిక్కినట్టవుతుంది, నీడలు గట్టిపడతాయి, ముఖానికీ వెనక గోడకూ పడే వెలుగులో తేడా తగ్గిపోతుంది. చిన్న గదుల్లో ముఖానికీ గోడకూ తేడా లేకుండా చప్పగా కనిపించే వీడియోలకు సగం కారణం ఇదే. దగ్గరే ఉంచి పొరలు పెంచడం మేలు. ట్రేసింగ్ పేపర్ బదులు పాత తెల్ల పంచె కట్టొచ్చు, కానీ అది ఎంతోకొంత పసుపు తిరిగి ఉంటుంది కనుక కట్టాకే వైట్ బ్యాలెన్స్ పెట్టాలి.

థర్మాకోల్ మీద కొట్టి తిప్పితే ఇంకా ఎక్కువ పోతుంది, రాత్రి సీన్లకు అదే సరి. ఉదాహరణకు ప్రమిద పట్టుకున్న మనిషి. ఐఎస్‌ఓ 800, ఎఫ్ 2, కెమెరా వైట్ బ్యాలెన్స్ 3200. లైటును 2700 దగ్గర, అది లేకపోతే ఎంత తక్కువకు దిగితే అక్కడ పెట్టి, 30 శాతంలో, నేలమీద ఉంచిన థర్మాకోల్ వైపు తిప్పాలి. ఆ వెలుగు ప్రమిద వైపు నుంచే, కింద నుంచే ముఖానికి తగలాలి. గోడకు ఆకుపచ్చ, నీలం డిస్టెంపర్ ఉంటే గోడ మీద కొట్టొద్దు, ఆ రంగు చర్మానికి అంటుతుంది. రెండో పక్క నల్లగుడ్డ వేలాడదీస్తే ఆ చెంప చీకట్లోకి దిగుతుంది. థర్మాకోల్ తేలిగ్గా అంటుకుంటుంది, రిఫ్లెక్టర్‌కు కనీసం రెండడుగులు ఎడం ఉంచండి. ఫ్రేములో కనిపించే బల్బును తగ్గించాలంటే ఫ్యాను రెగ్యులేటర్‌కు కలపొద్దు, వాటిలో కొన్ని రకాలు కరెంటును ముక్కలు చేసి కొత్త ఫ్లికర్ తెస్తాయి. 9 వాట్ల బల్బు తీసి తక్కువ వాట్లది పెట్టండి, లేదా షేడ్ లోపల కెమెరా వైపు రెండు పొరల బటర్ పేపర్ అంటించండి.

మొదట్లో ఈ లైటు ఫ్యాను వినపడదని చాలామందికి చెప్పాను. 15 శాతం దగ్గర ఇప్పటికీ వినపడదు. చారల భయంతో 30 నుంచి 60 మధ్య నడిపితే అరగంటకు ఫ్యాను పుంజుకుంటుంది, నిశ్శబ్దమైన సంభాషణలో సన్నని రొద పడుతుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉంటే పెద్దగా తెలియదు. కెమెరా మీద మైకుతో అయితే తెలుస్తుంది. లైటు వీపు మైకు వైపు రాకుండా చూసుకుని, ఎవరూ మాట్లాడని గది శబ్దం 30 సెకన్లు విడిగా రికార్డు చేసిపెట్టుకుంటే తర్వాత శుభ్రం చేయడం తేలిక.

రంగు విషయంలో పెద్ద ఫిర్యాదు లేదు. చామనఛాయ చర్మం, ఎర్ర మిరపకాయ, పసుపు సరిగానే వస్తాయి. బాగా దించితే కొంచెం ఆకుపచ్చకు వాలుతుంది, 30 పైన ఉంచితే ఆ గొడవ కూడా లేదు. కరెంటు పోయి వస్తే పాత సెట్టింగుతోనే వెలుగుతుంది, ఇది మన ఊళ్లలో చిన్న మేలేమీ కాదు. దానితో ఇచ్చిన స్టాండు మాత్రం సాఫ్ట్‌బాక్స్ బరువుకు ముందుకు వాలుతుంది. ఒక కాలును లైటు వైపే తిప్పి, దానికి నాలుగైదు కిలోల ఇసుక సంచి వేలాడదీయాలి.

మళ్లీ కొంటారా అంటే, సెకనుకు 25 ఫ్రేముల్లో, 1/50లో, ఇంట్లో ఒకేచోట వంటలో పాఠాలో తీసేవాళ్లకు ఈ ధరకు సరిపోతుందనే అంటాను. జాలీ, ట్రేసింగ్ పేపర్ కలిపినా అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. పెళ్లిళ్లలో స్లోమోషన్ తీసేవాళ్లు దీని జోలికి పోవద్దు. 120 ఫ్రేముల్లో షట్టర్ 1/120 కన్నా నెమ్మదిగా ఉండే వీలే లేదు, 100 శాతం తప్ప ఎక్కడ పెట్టినా చారలే. రాత్రి సీన్లు ఎక్కువున్న షార్ట్ ఫిల్మ్ అయితే కొనే బదులు ఆ రెండు మూడు రోజులకు మంచి డిమ్మర్ ఉన్న లైటును అద్దెకు తెచ్చుకోవడం నయం. మా పనిలో ముప్పావు వంతు పగటి ఇంటర్వ్యూలే, అందుకే ఇది ఇంకా ఇంట్లో ఉంది. అదే పేరుతో కొత్త బ్యాచ్‌లలో డ్రైవర్ మారి ఉండవచ్చు, కాబట్టి ఫోన్ పరీక్ష మాత్రం డబ్బు కట్టకముందే చేయండి.