సంక్రాంతికి ప్రైవేటు బస్సులో ఊరెళ్ళిన అనుభవం, ఉగాదికి బుక్ చేసేవాళ్ళు ఒకసారి చదవండి

బెంగళూరులో మడివాళ, సిల్క్ బోర్డ్, మారతహళ్ళి వైపు నుంచి నెల్లూరు, ఒంగోలు, గుంటూరు వెళ్ళే మనోళ్ళందరికీ చెప్తున్నా, టికెట్లో రాసిన బస్సు ఒకటి, మన ముందుకొచ్చి ఆగే బస్సు ఇంకొకటి. ఎక్కకముందే చూసుకోండి, ఎక్కాక మన మాట ఎవడూ వినడు. ట్రావెల్స్ పేరు రాయట్లేదు, మళ్ళీ వాళ్ళు కేసులు గీసులు అంటే నాకెందుకొచ్చిన గోల.

రైళ్ళ సంగతి తెలిసిందే కదా, 60 రోజుల ముందు బుకింగ్ తెరిచీ తెరవగానే వెయిటింగ్ లిస్టు, తత్కాల్‌కి ఇప్పుడు ఆధార్ ఓటీపీ కూడా తగిలించారు, అది వచ్చేలోపు బెర్తులు అయిపోతాయి. అందుకని నాకూ మా ఆవిడకీ ఒంగోలుకి యాప్‌లో ఏసీ స్లీపర్ తీసుకున్నా, మామూలు రోజుల రేటుకి రెండింతల పైమాటే. రాత్రి తొమ్మిదికి మడివాళలో ఎక్కాలి. "బొమ్మనహళ్ళి దాటింది సార్, ఐదే నిమిషాలు" అని ట్రావెల్స్ అబ్బాయి ఫోన్లో అంటూనే ఉన్నాడు, బండి వచ్చేసరికి పదకొండు దాటింది. తీరా చూస్తే మెసేజ్‌లో వచ్చిన నంబర్ కాదు, ఎక్కడో వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్. లోపల ఏసీ వెంట్ నుంచి నీళ్ళు కారుతుంటే పాత టవల్ కుక్కి పెట్టారు, బెర్తు రెగ్జిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చింది, వెనక ఎమర్జెన్సీ డోర్‌కి అడ్డంగా బంతిపూల మూటలు, అట్టపెట్టెలు. 2025 అక్టోబర్ 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయారు, సీటర్‌ని స్లీపర్‌గా మార్చిన బండి అని అప్పుడే బయటపడింది, అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. మూటలు తియ్యమంటే క్లీనర్ "కోలార్‌లో దించేస్తాం అన్నా" అన్నాడు. దించలేదు.

మొగిలి ఘాట్ దిగాక బండి ఆగిపోయింది. అర్ధరాత్రి రోడ్డు పక్కన చలిలో మనోళ్ళు ఏం చేస్తారు, రాజకీయాలు మొదలు. బెంగళూరు బెల్లందూర్ రోడ్ల గుంతల గోల చూసి లోకేష్ కంపెనీల్ని వైజాగ్ రమ్మన్నాడు, గూగుల్ 15 బిలియన్ డాలర్లు పెడతానంది, ఇంక మనకి బెంగళూరుతో పనేముంది అని ఒకాయన, అవన్నీ వచ్చినప్పుడు చూద్దాంలే అని ఇంకొకాయన, మధ్యలో ఉచిత బస్సు దండగని మూడో ఆయన, గొంతులు లేస్తున్నాయి. ఒక పెద్దావిడ విసుక్కుని "గూగులు సంగతి తర్వాత, ముందు ఈ బండి ఎప్పుడు కదులుద్దో చెప్పండయ్యా" అంది. నాకు ఆవిడ అన్నదే కరెక్ట్ అనిపించింది. 2024 మే 13 పోలింగ్‌కి అన్ని పార్టీల వాళ్ళూ ఫోన్లు చేసి మరీ మనల్ని రమ్మన్నారు, అప్పుడూ టికెట్ల రేట్లు ఇట్టాగే మండాయి, ఈ దోపిడీ గురించి మాట్లాడిన నాయకుడు మాత్రం నాకు తగల్లేదు. పండగ ముందు టోల్‌గేట్ దగ్గర ఆర్టీవో చెకింగ్ ఫొటోలు పేపర్లో పడతాయి, అంతటితో సరి.

తెల్లారాక నెల్లూరు బైపాస్‌లో "ఒంగోలు వాళ్ళు దిగండి, వెనక మన బండి వస్తోంది" అని దించేశారు. వెనక ఏ బండీ రాలేదు, ఫోన్ స్విచాఫ్. ఆటో మాట్లాడుకుని బస్టాండ్‌కి పోయి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మా ఆవిడ ఆధార్ ఇంకా ఊరి అడ్రస్‌తోనే ఉంది, ఏపీ ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తిలో జీరో టికెట్ కొట్టారు, నాకు డబ్బులు పడ్డాయి. రాత్రి ఉచిత బస్సు దండగన్నాయన కూడా అదే బస్సులో, వాళ్ళావిడకీ జీరో టికెట్టే, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు పాపం.

అసలు మోసం రీఫండ్ దగ్గరుంది. యాప్ వాళ్ళేమో ఆపరేటర్ మీ ప్రయాణం పూర్తయిందని మార్క్ చేశాడు, మేమేం చెయ్యలేం అంటారు. ఆపరేటర్ యాప్‌లో అడుక్కోమంటాడు. అందుకే బస్సు రాగానే నంబర్ ప్లేటు కనపడేలా ఫొటో తీయండి, ప్రభుత్వం ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు చూడండి, మధ్యలో దించేస్తే ఆ స్పాట్‌లోనే లొకేషన్‌తో ఫొటో తీసి యాప్‌లో కంప్లైంట్ పెట్టండి, ఇంటికెళ్ళి పెడదాంలే అనుకుంటే పూర్తయిందని కొట్టేస్తారు. తర్వాత కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, నేనూ అదే చేశా, ఇంకా జవాబు రాలేదు. ఉగాదికి మాత్రం తిరుపతి దాకా ఆర్టీసీలో పోయి అక్కడ మారదామని చూస్తున్నాం, టైం ఎక్కువ పడుతుంది, పడనీ.

ఆ రాత్రి మడివాళ బండిలో మాతోపాటు నెల్లూరులో దిగినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే టికెట్టు, మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి, కన్స్యూమర్ కోర్టులో వేస్తే అందరం కలిసే వేద్దాం.