కెన్యాలో పదవుల ఆమోదం, కౌంటీ ఉద్యోగాలు: పౌరుడు వాడుకోదగ్గది ఎంత?

కెన్యాలో అధ్యక్షుడు మంత్రి పేరు ప్రకటించగానే ప్రమాణ స్వీకారం జరిగిపోదు. ఆ పేరు పార్లమెంటు దిగువ సభ అయిన నేషనల్ అసెంబ్లీకి వెళ్తుంది. కమిటీ ఆ వ్యక్తిని కెమెరాల ముందు కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది, సభ అవునో కాదో తేలుస్తుంది, నియామకం ఆ తర్వాతే. మంత్రుల్ని అక్కడ కేబినెట్ సెక్రటరీలంటారు. వాళ్లు ఎంపీలుగా ఉండకూడదు. అటార్నీ జనరల్, ఆడిటర్ జనరల్, రాయబారులు, ప్రధాన న్యాయమూర్తి, అందరికీ సభ ఆమోదం కావాల్సిందే. దీన్నంతా నడిపేది 2011 నాటి పబ్లిక్ అపాయింట్‌మెంట్స్ చట్టం. ఫలానా అభ్యర్థి పదవికి తగడని ఆధారాలతో చెప్పే అవకాశం ఈ చట్టం మామూలు మనిషికీ ఇచ్చింది. జనానికి ఇచ్చిన సేవగా దీన్ని చూస్తే మొదటి సగం, అంటే కమిటీ విచారణ దాకా, బాగా పనిచేస్తుంది. రెండో సగంలో, అంటే సభ నిర్ణయం దగ్గర, పౌరుడి చేతిలో ఏమీ ఉండదు.

అన్నిటికంటే ముందు రోజుల లెక్క తెలియాలి. పేరు సభకు అందిన రోజు నుంచి కమిటీ 28 రోజుల్లో పరిశీలించి నివేదిక పెట్టాలి. విచారణ ఎప్పుడు, ఎక్కడ అన్నది పార్లమెంటు క్లర్క్ కనీసం 7 రోజుల ముందు జనానికి తెలపాలి. క్లర్క్ అంటే గుమాస్తా అనుకునేరు, సభ కార్యాలయానికి అధిపతి ఆయనే. పత్రికల్లో ఆ ప్రకటన వచ్చాక ఒక్కోసారి మీకు మిగిలేది ఆ వారమే. చాలా ఫిర్యాదులు ఇక్కడే చచ్చిపోతాయి. ప్రకటన చూశాక కాగితాలు వెతకడం మొదలుపెడితే అవి చేతికొచ్చేసరికి విచారణ అయిపోతుంది. ప్రభుత్వం నుంచి పేర్లు బయటికొచ్చిన రోజే పని మొదలుపెట్టాలి.

ఇక అఫిడవిట్ సంగతి. సెక్షన్ 6 ప్రకారం మీ అభ్యంతరం ప్రమాణం చేసి, రాతపూర్వకంగా, విచారణకు ముందే క్లర్క్‌కు చేరాలి. మామూలు ఉత్తరం, సంతకాలు పోగుచేసిన వినతిపత్రం, సోషల్ మీడియా పోస్టు ప్రింటు, ఇవేవీ దాని కిందికి రావు. పేరు, గుర్తింపు సంఖ్య, చిరునామాతో మొదలుపెట్టి పేరాలకు అంకెలు వేసి రాయండి. పేరాకు ఒక్క విషయం చాలు. మీ కళ్లతో చూసింది ఏది, ఎవరో చెబితే తెలిసింది ఏది, కాగితంలో చదివింది ఏది, ఈ మూడూ విడివిడిగా ఉండాలి. ‘అందరికీ తెలిసిన విషయమే’ అన్న మాట కనిపించిందంటే చదివేవాళ్లకు ఆ పేరా మీద నమ్మకం పోయినట్టే. జతచేసే ప్రతి కాగితానికీ వరుస గుర్తు వేయాలి, దానిమీద ఓత్ కమిషనర్ (ప్రమాణం చేయించే అధికారం ఉన్న లాయరు) ముద్ర పడాలి. ప్రమాణం ఎక్కడ, ఏ తేదీన చేశారో చివర రాయాలి. తేదీ ఖాళీగా వదిలేసిన అఫిడవిట్‌ను పక్కన పెట్టడానికి ఆ ఒక్క ఖాళీ చాలు. రాసిపెట్టిన లాయరు దగ్గరే ప్రమాణం చేయకండి, మరో లాయరు దగ్గరికి వెళ్లండి.

ఏం రాయాలన్నది సెక్షన్ 7లోనే దొరుకుతుంది. కమిటీ చూడాల్సినవి మూడు: ఈ పేరును ఏ పద్ధతిలో ఎంచారు, రాజ్యాంగమూ చట్టమూ అడిగిన అర్హతలు ఉన్నాయా, ఆ పదవి చేసే పనికి ఈ వ్యక్తి సామర్థ్యం, అనుభవం సరిపోతాయా. మీ ప్రతి పేరా ఈ మూడింటిలో దేనికి చెందుతుందో మీకు స్పష్టంగా తెలియాలి. పార్టీ మీద కోపం, ప్రభుత్వ విధానాల మీద విమర్శ ఎంత న్యాయమైనవైనా వాటికి ఇక్కడ చోటు లేదు.

చట్టం చివర్లో అభ్యర్థి నింపాల్సిన ప్రశ్నావళి ఉంది. ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం అదే. చదువు, చేసిన ఉద్యోగాలు, పార్టీ సంబంధాలు, ఆదాయ మార్గాలు, పన్నుల పరిస్థితి, నికర ఆస్తి, పదవితో తగాదా పడే స్వప్రయోజనాలు, గత మూడేళ్లలో కోర్టు కేసులు, పార్లమెంటు లేదా విచారణ కమిషన్ నివేదికల్లో చెడ్డగా పేరు రావడం, ఇవన్నీ అందులో రాయాలి. బలమైన అఫిడవిట్లు ఆరోపణలతో నిండి ఉండవు. అభ్యర్థి ఇక్కడ ఇలా చెప్పారు, ఈ కాగితం మరోలా చెబుతోంది అని రెంటినీ పక్కపక్కన పెడతాయి. అలాంటిది ఒక్కటి చేతిలో ఉంటే కమిటీ సభ్యుడికి అడగడానికి ప్రశ్న దొరికినట్టే.

విచారణ నిర్వహణ మెచ్చుకోదగ్గది. రాజ్యాంగం 124వ అధికరణం ప్రకారం అది జనం ముందే జరగాలి. టీవీలో నేరుగా వస్తుంది. మంత్రుల పేర్లను చూసే కమిటీకి స్పీకరే అధ్యక్షత వహిస్తారు. అభ్యంతరాలకు అభ్యర్థి అక్కడికక్కడే జవాబు చెప్పాలి. అదే వేదిక మీద ఆస్తి విలువ షిల్లింగుల్లో బయటపెట్టాల్సి రావడం చిన్న విషయమేమీ కాదు.

చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. 2022 అక్టోబరులో పర్యాటక శాఖకు ప్రతిపాదించిన పెనినా మలోంజా పదవికి తగరని కమిటీ తేల్చింది. సభ ఆ సిఫారసును పక్కన పెట్టి ఆమెను ఆమోదించింది. 2024 ఆగస్టులో స్టెల్లా సోయి లంగట్ విషయంలో మాత్రం కమిటీ వద్దంది, సభా వద్దంది. కమిటీ మాట సలహా మాత్రమే, తీర్పు సంఖ్యాబలానిది. మీ అఫిడవిట్ కమిటీని ఒప్పించినా పని పూర్తయినట్టు కాదు. అంతకంటే పెద్ద లోపం సెక్షన్ 9లో ఉంది. గడువు లోపల సభ అవుననీ అనక కాదనీ అనకపోతే అభ్యర్థిని ఆమోదించినట్టే లెక్క. పరిశీలన కోసం రాసిన చట్టంలో మౌనాన్ని అంగీకారంగా మార్చడం తప్పు. నిర్ణయం తీసుకోని సభ ఆ పేరును వెనక్కి పంపి ఉండాల్సింది.

కౌంటీ ఉద్యోగాల దగ్గరికొస్తే కథ తలకిందులవుతుంది. చట్టం గట్టిది, వాడేవాళ్లు తక్కువ. కౌంటీ అంటే జిల్లా లాంటి స్థానిక పాలనా విభాగం. దేశంలో 47 కౌంటీలు, ప్రతిదానికీ ఉద్యోగాలు నింపే ఒక పబ్లిక్ సర్వీస్ బోర్డు. ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది రెండు అంకెల దగ్గర. 2012 కౌంటీ ప్రభుత్వాల చట్టం సెక్షన్ 65 చెప్పే 30 శాతం, కింది స్థాయిలో కొత్తగా నింపే ఖాళీలకు మాత్రమే: వాటిలో కనీసం అంతమేర ఆ కౌంటీలో ఎక్కువగా ఉన్న తెగకు చెందనివాళ్లకు దక్కాలి. 40 పోస్టులైతే 12. 2008 జాతీయ సమైక్యత చట్టం సెక్షన్ 7 చెప్పే మూడో వంతు, సంస్థలో పనిచేసే మొత్తం సిబ్బందికి: ఒకే తెగవాళ్లు అంతకు మించకూడదు. 600 మంది ఉంటే 200. మొత్తం సిబ్బంది లెక్క తీసి 30 శాతం నియమం తప్పారని రాస్తే బోర్డు ఒక్క వాక్యంలో తోసిపుచ్చుతుంది, అదీ సరైన జవాబే. రెండు లెక్కలూ రెండు పేరాల్లో, వేర్వేరు సెక్షన్ల పేరుతో ఉండాలి.

అసలు దొంగదారి ప్రకటన దగ్గరే ఉంటుంది. ఖాళీలను వీలైనంత ఎక్కువమందికి, ముఖ్యంగా వెనకబడ్డవాళ్లకు చేరేలా ప్రకటించాలని కౌంటీ ప్రభుత్వాల చట్టం సెక్షన్ 66 చెబుతుంది. ప్రకటన లేకుండా రోజుకూలీ కింద చేర్చుకుని తర్వాత పర్మినెంట్ చేస్తే పోటీ అన్నదే ఉండదు, 30 శాతం లెక్కా ఉండదు. కాబట్టి ఏ పోస్టు ఏ తేదీన, ఏ పత్రికలో ప్రకటించారో ముందు అడగండి. దరఖాస్తుతోనే పోలీసు క్లియరెన్స్, పన్ను, అప్పుల సర్టిఫికెట్లు అన్నీ తెమ్మంటే ఒప్పుకోనక్కర్లేదు. పోలీసు సర్టిఫికెట్ ఒక్కదానికే వెయ్యి షిల్లింగులు అవుతాయి. 2022లో ఉపాధి చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఉద్యోగం ఇవ్వదలచినప్పుడే వాటిని అడగాలి.

ఎంపిక అయ్యాక పట్టుకోవాల్సింది మార్కుల పట్టిక. వచ్చిన దరఖాస్తులు, షార్ట్‌లిస్టు, ఒక్కొక్కరికి ఇచ్చిన మార్కులు, ఇంటర్వ్యూ చేసినవాళ్ల వ్యాఖ్యలు, వీటన్నిటి రికార్డు బోర్డు ఉంచాలని కౌంటీ ప్రభుత్వాల చట్టం సెక్షన్ 68 చెబుతోంది. 2016 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 21 రోజుల్లో జవాబు రావాలి. బోర్డు నిర్ణయం మీద జాతీయ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు రాతపూర్వకంగా అప్పీలు చేయడానికి ఉన్నది 90 రోజులు. సమాచారం అడిగినంత మాత్రాన ఈ గడువు ఆగదు. ఫలితం వచ్చిన రోజే సమాచార దరఖాస్తు ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుంటే, గడువులో జవాబొచ్చినా అప్పీలు రాసుకోవడానికి 69 రోజులు మిగులుతాయి. రెండు నెలలు ఎదురుచూసి అడిగితే పది రోజులు కూడా మిగలవు. అప్పుడు పట్టిక లేకుండానే అప్పీలు వేసి, జవాబు అందగానే అదనపు కాగితంగా చేర్చమని అందులోనే రాయండి.