ఈశాన్య వాన వెలిశాక వెలిగొండ కోనలకు

జలపాతాలంటే జులై, ఆగస్టు అనుకుని నెల్లూరు వైపు వచ్చేవాళ్లు ఎండిన బండలు చూసి వెనుదిరుగుతారు. విశాఖ మన్యానికి, తెలంగాణ జలపాతాలకు కుదిరే లెక్క ఇక్కడ కుదరదు. నెల్లూరు, కడప ఎల్లల వెంబడి ఉత్తర దక్షిణాలుగా సాగే వెలిగొండల తూర్పు వాలుకు నీళ్లు తెచ్చేది ఈశాన్య రుతుపవనం. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. బంగాళాఖాతం మీదుగా వచ్చిన మబ్బు ఈ కొండలకు తగిలి కురిస్తేనే పెంచలకోన, భైరవకోన దూకుతాయి. సంక్రాంతి దాటాక ధార సన్నబడుతుంది, శివరాత్రి నాటికి చాలాచోట్ల తడి మరకే మిగులుతుంది.

ఆ మూడు నెలల్లో కూడా ఏ రోజైనా సరే అనుకోవద్దు. వాన పడుతున్న రోజు వెళ్తే ప్రాణాపాయం, వాన ఆగి మూడు వారాలైతే చూడ్డానికి ఏమీ ఉండదు. గట్టివాన వెలిసిన మూడో రోజు నుంచి పదో రోజు దాకా మంచి అదను. నీటిలో బురద తేరుకుంటుంది, ధార నిండుగా ఉంటుంది, బండల పైభాగం ఆరి కాలు నిలుస్తుంది. ఇంకో చిక్కుంది. నీళ్లు బాగా ఉండే కాలంలోనే కార్తీకమాసం వస్తుంది. వనభోజనాల ఆదివారాలు, శివాలయాల దగ్గర సోమవారాలు, పెంచలకోనలో శనివారాలు అడుగు పెట్టే సందు ఉండదు. మార్గశిరంలో ఒక మంగళవారమో బుధవారమో దొరికితే వదలకండి.

నడక కోసమే వచ్చేవాళ్లకు మా మొదటి ఓటు పెంచలకోనకు. నెల్లూరు నుంచి సుమారు 80 కిలోమీటర్లు, పొదలకూరు మీదుగా వస్తే కారులో రెండు గంటలు. ఆర్టీసీ బస్సులున్నాయి గానీ తొలి బస్సులో వచ్చినా నడక మొదలయ్యేసరికి ఎండెక్కుతుంది. కొండ పాదంలో పెనుశిల లక్ష్మీనరసింహస్వామి గుడి. స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన చోటు ఇదేనని, అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారు విడిగా కొలువయ్యారని చెబుతారు. ఆమె గుడి వేరేగానే ఉంది. కణ్వ మహర్షి తపస్సు చేసిన ఏరు కణ్వలేరై, అదే కండలేరు అయిందని ఇక్కడివాళ్ల మాట. చుట్టూ ఉన్న అడవిని 1997లో పెనుశిల నరసింహ అభయారణ్యంగా ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి అది. కాబట్టి గుడి దాటి పైకి పోవడం మన ఇష్టం మీద జరిగే పని కాదు. అటవీ సిబ్బందిని అడగాలి, వాళ్లు వద్దన్న రోజు ఆగిపోవాలి.

గుడి వెనక కాసేపు మామూలు కాలిబాటే. ఆ తర్వాత బాట అనేదేమీ ఉండదు, ఏరే బాట. ఏనుగంత గుండ్ల మధ్య ఎక్కుతూ, దిగుతూ, ఏటిని ఇటు నుంచి అటు దాటుతూ పోవాలి. ఇక్కడ దూరం కిలోమీటర్లలో లెక్కేస్తే మోసపోతారు. మైదానంలో పావుగంట పట్టే దూరానికి ఇక్కడ గంట పడుతుంది. ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికీ రెండు గంటలే వేసుకోండి. దిగడం తేలికని తక్కువ వేసుకునేవాళ్లకే చీలమండ బెణుకుతుంది. తడిసిన చెప్పు, అలసిన మోకాలు, కిందకు చూసే కన్ను మూడూ కలిసేది దిగేటప్పుడే.

ఉదయం ఏడున్నరకల్లా మొదలుపెట్టాలి. కొండ పడమటన ఉంది కాబట్టి కోనలో ఎండ ముందే పోతుంది. డిసెంబరులో సూర్యుడు ఐదున్నర దాటాక అస్తమించినా, గుండ్ల మధ్య నాలుగింటికే మసక కమ్ముకుంటుంది. పైన ఎంత బాగున్నా పన్నెండున్నరకు వెనక్కి తిరగాలి. ఈ ఒక్క నియమం మీద బేరాలు వద్దు.

ఇక దారి చూపే మనిషి. ఫోనులో పటం ఉంది కదా అనుకోవద్దు. కోనలో సిగ్నల్ నిలవదు, పటంలో ఏరు ఒక నీలిగీత మాత్రమే. ఏ గుండును ఎడమగా చుట్టాలి, ఏ మడుగు పోయిన వరదకు లోతైంది, ఏ చెట్టు వేరు పట్టుకుంటే ఊడొస్తుంది అన్నవి ఏటేటా మారుతుంటాయి. ఇక్కడి ఊళ్లవాళ్లకు, ముఖ్యంగా అడవి తెలిసిన యానాది కుటుంబాలవాళ్లకు అవి కాలికే తెలుసు. అటవీ సిబ్బందిని గానీ గుడి దగ్గర దుకాణాలవాళ్లను గానీ అడిగితే మనిషిని కుదురుస్తారు. కుదుర్చుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నిన్న, మొన్న పైన వాన పడిందా? ఏ మడుగులో దిగకూడదు? నీళ్లు పెరిగితే ఏ వైపు ఎక్కుతాం? మూడో ప్రశ్నకు చేయి చూపించి చెప్పగలిగినవాడు మంచి మనిషి. అన్నిటికీ “ఏం కాదు, రండి సార్” అనేవాడితో వెళ్లకండి. ఎనిమిది మందికి ఒకరు చాలు, అంతకు మించితే వెనకాల నడిచేందుకు ఇంకొకరు కావాలి. తప్పిపోయేది ఎప్పుడూ చివరివాళ్లే. కూలి ముందే మాట్లాడుకోండి. ఆ రోజు పొలం కూలికన్నా తక్కువ ఇవ్వడం అన్యాయం. అన్నం, నీళ్లు ఆయనకూ కలిపి మోయండి. వద్దని ఆయన ఆగితే అక్కడితో నడక అయిపోయినట్టే. పైదాకా తీసుకెళ్తే ఇంకో వంద ఇస్తామని ఆశపెట్టడం మీ చేతులతో మీరు ప్రమాదం కొనుక్కోవడమే.

వరద సంగతి విడిగా, వివరంగా చెప్పాలి. ఈ కొండల్లో ఎక్కువభాగం క్వార్ట్‌జైట్ అనే గట్టిరాయి, మధ్యమధ్య పలకరాయి. పైన మట్టిపొర పలుచన, వాలు నిలువు. పడ్డ వానను తాగి దాచుకునే నేల లేదు. కొండ నెత్తిన గంట వాన పడితే ఆ నీరంతా కాసేపట్లో కోనలోకి దిగుతుంది. మీ తల మీద ఎండ కాస్తుండొచ్చు, మబ్బు కొండకు అవతల ఉండొచ్చు. 2021 నవంబరులో ఈ కొండలకు పడమటన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఇలాంటి ఈశాన్య వానలకే. వాయుగుండం పేరు వినబడితే ప్రయాణమే మానుకోండి.

పెరుగుతున్న నీరు ముందు కొన్ని గుర్తులు చూపిస్తుంది. తేటగా పారే నీరు ఎర్రబారుతుంది. ఎండుటాకులు, పుల్లలు, నురుగు కట్టకట్టుకుని వస్తాయి. ధార చప్పుడు గలగల నుంచి హోరుకు మారుతుంది. వీటిలో ఒక్కటి కనబడినా సంచులు, చెప్పులు, ఫోటోలు అన్నీ వదిలి, ఉన్న గట్టునే పైకెక్కాలి. అవతలి గట్టున బాట బాగుందని ఏరు దాటబోవడమే చావు తెచ్చే తప్పు. మోకాలి లోతు వడి నీరు పెద్దమనిషిని కూడా పడేస్తుంది. ఎక్కి కూర్చోండి, నీరు తగ్గేదాకా ఆగండి. వేగంగా వచ్చిన నీరు చాలాసార్లు వేగంగానే తీస్తుంది. అందుకే ప్రతి సంచిలో ఒక టార్చి, పలుచని రెయిన్‌కోటు, ఒక పూట అదనపు తిండి ఉండాలంటాం.

మడుగుల విషయంలో ఈతగాళ్లే ఎక్కువ మోసపోతారు. జలపాతం కింద నీరు పైనుంచి పడి, అడుగుకు పోయి, పక్కలకు తిరుగుతుంది. ధార దగ్గరకు ఈదినవాణ్ణి అది లోపలికి లాగుతుంది. బండల సందున కాలు ఇరుక్కుంటే చెరువులో నేర్చిన ఈత అక్కరకు రాదు. పోయినేడు నడుముల్లోతు ఉన్న గుండం ఈ ఏడు నిలువులోతు ఉండొచ్చు. నిలబడి స్నానం చేసే తావు మీ వెంట వచ్చిన మనిషే చూపిస్తాడు, అక్కడే చేయండి. పైనుంచి దూకడం పూర్తిగా మానండి. సూటిగా ధార కింద తల పెట్టడం కూడా వద్దు, నీటితోపాటు పిడికెడు రాయి వచ్చినా తల పగులుతుంది.

కాలికి పట్టు ఉన్న రబ్బరు అడుగు బూట్లు కావాలి. కొత్తవి కాకుండా నెల రోజులు తొడిగినవి మేలు. క్రాక్స్, రబ్బరు చెప్పులు మొదటి పాకుడుకే జారిపోతాయి. ఆరిన బండ మీద పాదం మొత్తం ఆనించి నడవాలి. పచ్చగా, నల్లగా మెరిసే బండ మీద మాత్రం అడుగే వేయొద్దు, అది పాకుడు. చేతికర్ర ఒకటి ఉంటే నీటి లోతు ముందే తెలుస్తుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక సాగే కట్టు. తిండికి చింతపండు పులిహోర, వేరుశనగ ఉండలు నిలుస్తాయి. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. ప్లాస్టిక్ సంచి చప్పుడుకు కోతులు దిగుతాయి గనుక తిండి గుడ్డసంచిలో పెట్టి లోపలికి తోయండి.

కోతులకన్నా భయపడాల్సింది తేనెటీగలకు. ధారల పక్కన నిలువు బండలకు కొండ తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. పొగ, అత్తరు, పెద్ద శబ్దం, రాయి, ఇవి నాలుగూ వాటిని రేపుతాయి. కింద మంట వేసి వండుకోవాలని చూడకండి. అభయారణ్యంలో మంట వేయడం నేరం కూడా. ఎలుగుబంటి తెల్లవారుజామున, సాయంత్రం తిరుగుతుంది. గుంపుగా మాట్లాడుకుంటూ నడిస్తే దానంతట అదే తప్పుకుంటుంది. చలి ఉదయాల్లో పాములు బండల మీద ఎండ కాచుకుంటాయి, చేయి పెట్టే చోటు చూసి పెట్టండి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరాగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించాలి. 108 వాహనం గుడి దాకానే వస్తుంది, అక్కడికి చేర్చేది మనమే.

బస విషయానికొస్తే, ముందురోజు సాయంత్రం చేరి దేవస్థానం గదిలో పడుకోవడం అన్నిటికన్నా మంచిది. దర్శనం ఆ సాయంత్రమే అయిపోతుంది, ఉదయం నడకకు తొందర ఉండదు. గదులు సాదావి. దుప్పటి, దోమల మందు, తాళం వెంట తెచ్చుకుంటే ఇబ్బంది లేదు. శనివారం ముందు రాత్రి, వైశాఖంలో బ్రహ్మోత్సవాల రోజుల్లో గది దొరకడం కష్టం. పక్కా వసతి కావాలనుకునేవాళ్లు నెల్లూరులో ఉండి తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాలి. చిన్నపిల్లలుంటే ఆ పద్ధతి బాగోదు, దారిలోనే సగం ఓపిక పోతుంది.

పెద్దవాళ్లను, ఐదారేళ్ల పిల్లలను తీసుకెళ్లాలంటే భైరవకోన మేలు. చంద్రశేఖరపురం మండలంలో కొత్తపల్లి దగ్గర ఉంది. ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు, వాటి పక్కనే జలపాతం. గుండ్లెక్కే పని లేదు, వాహనం దగ్గరి దాకా పోతుంది. సుమారు 200 అడుగుల పైనుంచి పడే ధార అంటారు గానీ అది సన్నని ధార, వాన ఆగితే పెంచలకోనకన్నా ముందే తగ్గిపోతుంది. అక్కడ ఎక్కువసేపు నిలబెట్టేవి గుహలే. ద్వారపాలకుల చెక్కడాలు, రాయిలోంచే తీసిన స్తంభాలు చూడాలంటే ఉదయపు ఎండ పడుతుండగా వెళ్లాలి. మధ్యాహ్నానికి లోపల నీడ. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల అక్కడి దుర్గాంబ విగ్రహం మీద పడుతుందని జనం విరగబడతారు. భక్తికి వెళ్లేవాళ్లకు అది గొప్ప రాత్రే, జలపాతం కోసం మాత్రం ఆ రోజు వద్దు. మంచి హోటలు దగ్గర్లో లేదు. పామూరులోనో ఉదయగిరిలోనో తిని రావాలి.

భైరవకోన చూసినవాళ్లు ఉదయగిరి వైపు మళ్లితే సీతారామపురం దగ్గర ఘటిక సిద్ధేశ్వరం అదే రోజు అవుతుంది. జలపాతమని ఆశపెట్టుకోవద్దు, కొండల నడుమ ప్రశాంతమైన శివక్షేత్రం, సన్నని ఏరు. అన్నదానం ఉంటుంది. తిన్నవాళ్లు హుండీలో తగినంత వేయడం మర్యాద.

నల్లమల వైపు రాచర్ల మండలంలోని నెమలిగుండ్ల జలపాతం లెక్క వేరు. అక్కడ గుండ్లకమ్మ ఏటికి నైరుతి వానలు కూడా నీళ్లిస్తాయి కాబట్టి సెప్టెంబరులోనే చూడొచ్చు. పులులు తిరిగే అడవి, గుడి బాట వదిలి పక్కకు పోకూడదు.

తిరుగు ప్రయాణంలో తనిఖీకి సిద్ధంగా ఉండండి. వెలిగొండలు ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిపాటి నేలల్లో ఒకటి. దొంగరవాణా మూలంగా ఈ దారుల్లో కార్లు ఆపి చూస్తారు. నచ్చిందని ఎర్రటి కర్రముక్క డిక్కీలో వేసుకుంటే, అది ఎండుపుల్లే అయినా కేసే. చేతికర్రను కూడా అడవి అంచునే వదిలేయండి. గుర్తింపు కార్డులు, అటవీ అనుమతి కాగితం అందరివీ ఒకరి దగ్గర ఉంటే ఐదు నిమిషాల్లో పంపేస్తారు.

ఇల్లు చేరగానే వేడినీళ్ల స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, చంకలు, గజ్జలు, నడుము చుట్టూ పిడుజులేమైనా ఉన్నాయేమో చూసుకోండి. పొదల్లోని సన్నపురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పక్కు కట్టొచ్చు, నొప్పి ఉండదు గనుక కంటబడదు. మూడు వారాల లోపు జ్వరం, విపరీతమైన తలనొప్పి వస్తే మాత్ర వేసుకుని ఊరుకోకుండా, ఫలానా రోజున అడవికి వెళ్లానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.