పీఎల్‌సీ పనికి పదేళ్లు దాటిన నా డెల్ లాటిట్యూడ్ డి630

ఫ్యాక్టరీ మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్‌నే పీఎల్‌సీ అంటాం. దాని పనికి ఈ ల్యాప్‌టాప్‌ను 2014లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అప్పటి నుంచి జీడిమెట్ల, పటాన్‌చెరు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, ఎక్కడికి వెళ్లినా బ్యాగులో ఇదే. కారణం ఒక్కటే, వెనకవైపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్ట్ ఉంది. ఆర్‌ఎస్-232 అనేది దీన్నే, పాత పీఎల్‌సీల కేబుల్ పెట్టేది దీనికే. రెండో పిన్ను డేటా తీసుకుంటుంది, మూడోది పంపుతుంది, అయిదోది గ్రౌండ్. కేబుల్ మీద అనుమానమొస్తే మల్టీమీటర్‌తో ముందు ఈ మూడూ చూసుకుంటాను.

ఒక్కసారే దీన్ని ఇంట్లో వదిలి కొత్త ల్యాప్‌టాప్‌తో వెళ్లాను. రాత్రి షిఫ్టు, ప్యాకింగ్ మెషీన్ ఆగిపోయింది, లోపల మిత్సుబిషి ఎఫ్ఎక్స్ పీఎల్‌సీ. కొత్తదానికి సీరియల్ పోర్ట్ లేదు కాబట్టి చౌకగా కొన్న యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాను. విండోస్ దానికి కామ్ 14 అని పోర్ట్ నంబరిచ్చింది, సాఫ్ట్‌వేర్ లిస్టులో ఆ నంబరే లేదు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి కామ్ 3కి మార్చాను. కనెక్ట్ అయింది గానీ రెండు నిమిషాలకోసారి కట్. సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉన్నాడు, టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి ఇంటికి ఫోన్ చేసి ఈ డి630 తెప్పించాను. ఎఫ్ఎక్స్‌కి వాడే ఎస్‌సీ-09 కేబుల్ నేరుగా పెట్టి, పోర్ట్ సెట్టింగ్స్‌లో 9600 బాడ్ (వేగం), 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్ ఇస్తే మొదటిసారికే ఆన్‌లైన్ అయింది. లాడర్‌లో, అంటే నిచ్చెనలా కనిపించే పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో, కాంటాక్టులు (స్విచ్ గుర్తులు) నీలంగా వెలిగాయి, ఎక్స్5 అనే ఇన్‌పుట్ ఒక్కటి వెలగలేదు. చూస్తే దానికి వచ్చే ప్రాక్సిమిటీ సెన్సర్ (వస్తువు దగ్గరికొస్తే పసిగట్టేది) వైరు తెగి ఉంది.

ర్యామ్ 2 జీబీ నుంచి 4 జీబీ చేశాను. ఇందులో ఉన్న 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ మొత్తం వాడుకోలేదు, మూడున్నర లోపే చూపిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్లకు అది చాలు. నిజమైన తేడా హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేశాక కనిపించింది. మెషీన్ల అదురు మధ్య తిరిగే డిస్క్ పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ భయమే. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌తోనే ఆగిపోయాయి కాబట్టి దీన్ని ఇంటర్నెట్‌కి కలపను. సీమెన్స్ వాళ్ల టీఐఏ పోర్టల్ లాంటి కొత్త సాఫ్ట్‌వేర్లకు మాత్రం వేరే ల్యాప్‌టాప్ తప్పదు.

నా దగ్గర పనికి చేరే పిల్లలకు ఇది ఇచ్చేముందు రెండు మాటలు వివరిస్తాను. ఫోన్‌లో డౌన్‌లోడ్ అంటే మనకు వచ్చేది. సీమెన్స్ సాఫ్ట్‌వేర్‌లో డౌన్‌లోడ్ అంటే మన ప్రోగ్రామ్ పీఎల్‌సీలోకి పోవడం, అక్కడిది మనకు రావాలంటే అప్‌లోడ్. మిత్సుబిషిలో 'రీడ్ ఫ్రమ్ పీఎల్‌సీ', 'రైట్ టు పీఎల్‌సీ' అని ఉంటుంది, అదే మేలు. ఒకసారి ఓ కుర్రాడు సీమెన్స్ ఎస్7-200 పీఎల్‌సీ ముందు ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి డౌన్‌లోడ్ మీద మౌస్ పెట్టాడు. నొక్కితే ఖాళీది లోపలికి పోయి అక్కడి ప్రోగ్రామ్ చెరిగిపోయేది, దానికి బ్యాకప్ ఎక్కడా లేదు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రోజే స్క్రీన్ కింద అంచున కాగితం అంటించాను: 'డౌన్‌లోడ్: మన నుంచి మెషీన్‌కి'. చెమటకీ ఆయిల్‌కీ ఇప్పటికి రెండుసార్లు చెరిగింది, మళ్లీ రాసి అంటించాను.